పందెం అంటే రేసా, బెట్టా?

“అమ్మా, పందెం అంటే రేసా, బెట్టా?”

మార్చి నెల. ఇంగ్లండ్‌లో మేముండే చెల్టెన్‌హామ్ ఊరంతా నాలుగు రోజుల గుర్రాల రేసుల పండగ హడావుడిలో ఉంది. పాప ప్రశ్నకి వెంటనే జవాబు తోచలేదు. మన భాషలో రెండిటికీ ఒకటే మాట మరి. పిల్లలు పరిగెత్తేదీ పందెమే, కోడి మీద కాసేదీ పందెమే. మా తాతయ్య భీమవరం దగ్గర సంక్రాంతి బరిలో అరెకరం పోగొట్టుకున్నారు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అందుకే ఆ నాలుగు రోజులూ నేను టీవీ కట్టేసేదాన్ని. క్లాసులో అందరూ గుర్రాల పేర్లు చెప్పుకుంటుంటే ఇది ఒక్కతే బిక్కమొహం వేసుకుని కూర్చుంటోందని ఆ ఏడే తెలిసింది.

పక్కన కూర్చోబెట్టుకుని మొదటినుంచీ చెప్పాను. 1752లో ఐర్లండ్‌లో ఇద్దరు రౌతులు బటివెంట్ చర్చి నుంచి డోనరైల్ చర్చి దాకా, గోడలూ కాలవలూ దూకుతూ గుర్రాలు తోలారట. దారి తప్పకుండా దూరాన కనిపించే చర్చి శిఖరమే గురుతు. ఆ శిఖరాన్నే ఇంగ్లీషులో స్టీపుల్ అంటారు. అందుకే ఇలా అడ్డంకులు దూకే రేసుకి స్టీపుల్‌చేజ్ అని పేరు.

“అమ్మమ్మ ఊళ్ళో గాలిగోపురం చూసుకుంటూ పొలాలకి అడ్డంపడి వెళ్ళినట్టా?” అంది. అచ్చంగా అంతే!

ఈ ఊళ్ళోనే 1820ల్లో ఫ్రాన్సిస్ క్లోజ్ అనే పాస్టర్ రేసుల వెంట వచ్చే జూదాన్ని చర్చిలో దుమ్మెత్తిపోశాడని కూడా చెప్పాను. ఆయన మాట నాకు ఇప్పటికీ సబబే అనిపిస్తుంది.

2022 మార్చి 18, శుక్రవారం. ఆ పండగలో పెద్ద రేసు, గోల్డ్ కప్. కంచెలు దూకుతూ సాగే ఈ రేసు 1924 నుంచీ ఉంది. మూడుంపావు మైళ్ళ పైచిలుకు దూరం, 22 కంచెలు. అప్పటిదాకా ఒక్క మహిళా జాకీ కూడా గెలవలేదు. సాయంత్రం రీప్లేలో రేచల్ బ్లాక్‌మోర్ అనే జాకీ ఎ ప్లూ టార్ అనే గుర్రం మీద చివరి కంచె దాటి దూసుకుపోతుంటే పాప సోఫా మీద నిలబడింది. “గుర్రం పడిపోతేనో?” అనడిగింది. కొన్ని చచ్చిపోతాయి కూడా అని చెప్పేశాను. చాలాసేపు నా చెయ్యి వదల్లేదు.

ఆదివారం అమ్మమ్మకి వీడియో కాల్‌లో, “రేచల్ పందెం గెలిచింది!” అంది. మా అమ్మ కంగారు పడిపోయింది.

“పందెమేంటే? మీ అమ్మ గానీ కాసిందా?”

“లేదమ్మమ్మా. చూశాం.”