కొమ్ములున్నవాడితో పేచీ లేదు

మేముండే ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో డిసెంబరు 5 సాయంత్రం పిల్లలతో వీధిలోకి వెళ్తే క్రాంపుస్‌లు, అంటే అల్లరి పిల్లల్ని జడిపించే దయ్యం వేషగాళ్లు, గుంపుగా ఎదురొస్తారు. మేక కొమ్ములు, చెక్కతో మలిచిన వికారపు ముఖం, ఒంటినిండా గొర్రెతోలు, నడుముకు పెద్ద గంటలు, చేతిలో పుల్లల కట్ట. కొందరి వీపున బుట్ట కూడా ఉంటుంది. మాట వినని పిల్లల్ని అందులో వేసుకుపోతారని చెబుతారు. ఇళ్లకు వచ్చేటప్పుడు మాత్రం పిల్లలకు కానుకలిచ్చే సెయింట్ నికోలస్ బిషప్ వేషంలో ముందు నడుస్తాడు. ఆయన తన బంగారు పుస్తకం తెరిచి పిల్లల మంచీ చెడూ చదువుతాడు. ఆ చిట్టా ముందే ఆయనకు అందించేది తల్లిదండ్రులే లెండి.

ఇదంతా చూసి, హైదరాబాదు నుంచి మా దగ్గరికొచ్చిన మా అమ్మ నిర్ఘాంతపోయింది. "పసిపిల్లల్ని ఇంతలా జడిపిస్తారటే? వీళ్లకు జాలి లేదా?" అంది. మా చిన్నప్పుడు ముద్దకొక బూచిని పిలిచి అన్నం తినిపించిన మనిషి ఈవిడే!

అమ్మ పిలిచిన బూచికి కొమ్ములు ఉండేవి కావు. గోనెసంచి భుజాన వేసుకుని చిత్తుకాగితాలు ఏరుకునే ఆయన, జోలె పట్టుకున్న బైరాగి, పోలీసు, సూది వేసే డాక్టరు... వీళ్లే. "ఏడిస్తే సంచిలో వేసుకుపోతాడు" అనగానే ఏడుపు ఆగిపోయేది. ఆ సంచి ఆయన మమ్మల్ని ఎన్నడూ పల్లెత్తు మాట అనలేదు. మండుటెండలో గుమ్మం ముందు నిలబడి మంచినీళ్లు అడిగితే నేను తలుపు వెనక దాక్కునేదాన్ని.

క్రాంపుస్‌తో నాకు పేచీ లేదు. వచ్చేది ఏడాదికోసారి, అదీ చెప్పిన రోజున. ఊరేగింపు అయ్యాక ముసుగు తీస్తే లోపల చెమటలు కక్కుతున్న కుర్రాడు. అతని బొమ్మతో 19వ శతాబ్దం చివరినుంచే పోస్టుకార్డులు అచ్చువేశారు. బేకరీల్లో ఎండుద్రాక్ష కళ్లతో అతని రూపంలోనే బన్ను అమ్ముతారు. మా అమ్మాయి ముందు కొమ్ములు కొరుకుతుంది. హైదరాబాదు బోనాల్లో ఒంటినిండా పసుపుతో, నడుముకు వేపాకులతో పోతురాజు కొరడా ఝళిపిస్తూ వస్తుంటే మేమూ నాన్న భుజమెక్కి కేకలు పెట్టేవాళ్లం. మర్నాడు మళ్లీ చూపించమని ఏడ్చేవాళ్లం.

మనిషి రూపంలో ఉన్న బూచితోనే నా పేచీ. ఆ బూచి ఇక్కడా ఉన్నాడు. జర్మన్ మాట్లాడే దేశాల్లో ఓ పాత ఆట ఉంది. ఒకరు మైదానం అవతలి అంచున నిలబడి "నల్ల మనిషంటే ఎవరికి భయం?" అని అరుస్తారు. "ఎవరికీ లేదు!" అంటారు మిగతావాళ్లు. "వస్తే?" "పారిపోతాం!" అని పరుగు. ఆ నల్ల మనిషి ఒంటిరంగుకు సంబంధించినవాడు కాడని, చీకట్లో కదిలే నీడ అని, మృత్యువని వివరించేవాళ్లు ఉన్నారు. కావచ్చు. ఆ మైదానంలో చామనఛాయ పిల్ల మాదొక్కతే అయినప్పుడు ఈ వివరణ తోటిపిల్లలకు ఎవరు చెబుతారు? ఇప్పుడు చాలాచోట్ల పేరు మార్చి ఆడిస్తున్నారు. మంచి పని చేశారు.

అందుకే మా ఇంట్లో ఏ బూచి పేరెత్తినా దానికి కొమ్ములో కోరలో ఉండాలన్నాను. సంచి మోసేవాళ్లు, పోలీసులు పనికిరారు. "మరి అన్నం ఎలా తింటుందే?" అంది అమ్మ. ఆకలేస్తే అదే తింటుందంటే ఒప్పుకోలేదు.

హైదరాబాదు తిరిగి వెళ్లాక తమ్ముడి కొడుక్కి ఫోనులో క్రాంపుస్ ఫొటో చూపించి పప్పన్నం పెడుతోందట. వాడు ముద్ద బుగ్గన పెట్టుకుని, "నానమ్మా, ఇది మన బోనాలకు వస్తుందా?" అని అడిగాడట.