కురుసురలో దూరి, హేవ్‌లాక్ గురించి వాదులాడి

తెల్లవారుజామున వైజాగ్ బీచ్ రోడ్డులో బళ్ళు ఆపేస్తారు. ఆ కాసేపూ రోడ్డంతా నడిచేవాళ్ళదే. మా బావ రోజూ నడిచేది అక్కడే, నన్నూ లాక్కెళ్ళాడు. నడక నాకు కొత్త కాదు గానీ, నడిచే దారి పక్కన ఇసుకలో 91 మీటర్ల జలాంతర్గామి కూర్చుని ఉండటం మా కొవ్వూరు వాడికి వింతే.

లోపలికి వెళ్ళాలంటే తెరిచే వేళకి మళ్ళీ రావాలి. వచ్చాం.

ఆ జలాంతర్గామే ఐఎన్ఎస్ కురుసుర. అది 1969లో సోవియట్ యూనియన్‌లో మన నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధంలో గస్తీ తిరిగింది, 2001లో రిటైరైంది. తుక్కుకి పంపకుండా ఒడ్డుకి లాగి, కాంక్రీటు దిమ్మల మీద నిలబెట్టి 2002లో మ్యూజియం చేశారు. లోపల ఏడు గదులు. గదికీ గదికీ మధ్య గుండ్రటి కంత. ముందు కాలు పెట్టాలా తల పెట్టాలా తేల్చుకునేలోపు వెనక పిల్లలు తోసేస్తుంటారు. ఎటు చూసినా గొట్టాలు, వాల్వులు, మీటర్లు, వాటి సందుల్లో ఇరుకు పడకలు. గైడుగా ఉన్న నేవీ రిటైర్డు ఆయన "తల జాగ్రత్త సార్" అంటూనే ఉన్నారు.

నన్ను ఆపేసింది మాత్రం మనం ఎక్కి వచ్చే ద్వారం. నీటిచుక్క చొరబడకూడదని కట్టిన ఒంటికి, జనం కోసం పక్కన కోత పెట్టారు. ఇక అది మళ్ళీ మునగదు.

"ఏటి బావా, అలా ఉండిపోనావు?" అన్నాడు మా బావ.

"మా హేవ్‌లాక్ గుర్తొచ్చింది."

కొవ్వూరులో వైజాగ్ రైలెక్కి గోదారి మీద ఆర్చ్ వంతెన దాటుతుంటే పక్కనే కనిపించే పాత రైలు వంతెన అది. 1900లో రైళ్ళకి తెరిచారు, స్తంభానికీ స్తంభానికీ మధ్య 56 స్పాన్లు, 1997లో రైళ్ళు ఆగాయి. దాన్ని బాగుచేయాలంటే ఏదీ కోయక్కర్లేదు. తుప్పు గీకి, తిన్న ముక్కలు మార్చి, రివెట్లు పోయినచోట బోల్టులు బిగించి, రంగేసి, స్లీపర్ల సందుల్లో గోదారి కనిపించేచోట నడవడానికి పలకలు, పక్కన కమ్మీలు వేస్తే చాలు. రైలింజన్‌ని మోసిన గర్డర్లకి మనుషులొక బరువా? పైగా దాని ఉద్యోగం దానికే ఉంటుంది: అవతలి ఒడ్డుకి చేర్చడం. 2025 జూన్‌లో రాజమండ్రిలో శంకుస్థాపన చేసిన అఖండ గోదావరి పర్యాటక ప్రాజెక్టులో ఈ వంతెన కూడా ఉంది.

బావకి ఇదేదీ ఆనలేదు. "సముద్రగాలికి ఇక్కడ రంగు ఎన్నిసార్లు వేయాలో తెలుసా? అంత పొడుగు వంతెనకి ఎవరేస్తారు?" అన్నాడు. అది నిజమే. రిబ్బను కట్ చేసే రోజు అందరూ ఉంటారు, ఏటేటా రంగు డబ్బాల లెక్క అడిగేవాడుండడు. అందుకే వంతెన మీద హంగులు తగ్గించి ఆ డబ్బు రంగుకి దాచమంటాను నేను. బొమ్మలూ సెల్ఫీ పాయింట్లూ తర్వాత చూసుకోవచ్చు, ముందు ఈ చివర నుంచి ఆ చివరికి నడవనిస్తే చాలు.

నడుమ ఒక మురీ మిక్చర్ బండైనా ఉండాలన్నాడు బావ. దానికి మాత్రం ఒప్పుకున్నాను.