బాపుకు దక్కిన ఆ ఐదేళ్లు

బాపు, అంటే మా నాన్న, పోయినప్పుడు వచ్చినవాళ్లంతా ఒకటే అన్నారు: ఎనభై తొమ్మిదేళ్లు, నిండు జీవితం, మునిమనవరాలిని కూడా ఎత్తుకున్నాడు, ఇంకేం కావాలి అని. నిజమే. కానీ అందులో చివరి ఐదేళ్లు మాకు దక్కకుండా పోయేవే. 2019 చివర్లో ఒక డాక్టరు వయసైపోయిందని చెప్పి చేతులు దులుపుకున్నాడు.

బాపు కాజీపేటలో గూడ్సు గార్డు. 1957లో సెంట్రల్ రైల్వేలో చేరాడు, 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడితే ఇందులోకి వచ్చాడు, 1993లో రిటైరయ్యాడు. మధ్యలో 1974 మే సమ్మె. ఉద్యోగంలోంచి తీసేశారు. 1977లో ఢిల్లీలో జనతా ప్రభుత్వం వచ్చి మళ్లీ తీసుకునేదాకా పొద్దున పాలు పోసి, పగలు సిమెంటు దుకాణంలో లెక్కలు రాసి మా నలుగురినీ సాకాడు. ఒక్కరి చదువూ ఆగలేదు. మళ్లీ జీతం రావడం మొదలయ్యాక మొత్తం అమ్మ చేతిలో పెట్టి, బీడీకట్టకు కూడా ఆమెనే అడిగేవాడు. బల్లార్షా నుంచి వస్తే లైన్‌బాక్సులో, అంటే డ్యూటీకి తీసుకుపోయే పెట్టెలో, జెండాల పక్కన సంత్రాలు ఉండేవి. తొక్క తీస్తే సిగ్నల్ దీపం కిరోసిన్ వాసన వచ్చేది. మాకు సంత్రా వాసన అంటే అదే.

అలాంటి మనిషి ఆ చలికాలం మారిపోయాడు. మాట తడబడేది, పగలంతా నిద్ర. కుడికాలి చెప్పు జారిపోయినా తెలియకుండా నడిచి వచ్చేవాడు. దగ్గర్లోని డాక్టరుకు చూపించాం. "ఎనభై నాలుగేళ్లు కదమ్మా, మతిమరుపు మొదలైంది. ఈ వయసులో పరీక్షలవీ ఎందుకు, ఇంట్లో పెట్టి చూసుకోండి" అని నిద్రమాత్ర రాశాడు. బాపు ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. అన్నీ వింటున్నాడు.

ఆ రాత్రి నిద్రమాత్ర వేసినా రెండింటికి లేచాడు. లైన్‌బాక్సు ఏదని మంచం కింద వెతికాడు, డ్యూటీకి పిలిచే కాల్‌బాయ్ వచ్చి పిలిచాడన్నాడు. అంతవరకు నేను తట్టుకున్నాను. తర్వాత ఒక్కసారిగా లైటు ఆర్పేసి, నా చెయ్యి గట్టిగా పట్టుకుని గోడవారగా కూర్చోబెట్టాడు. "పోలీసోళ్లు క్వార్టర్ల చుట్టు తిరుగుతున్రు. పిల్లల్ని లేపకు. నన్ను పట్కపోతే నువ్వు నీ తల్లిగారింటికి పో, ఈడ ఉండకు" అన్నాడు. నన్ను అమ్మ అనుకుంటున్నాడు. సమ్మె రోజుల గురించి ఎప్పుడడిగినా నవ్వి ఊరుకునేవాడు. ఆయన భయపడ్డాడన్న సంగతి నలభై అయిదేళ్ల తర్వాత, ఆ చీకట్లో తెలిసింది. తెల్లారేదాకా చెయ్యి వదల్లేదు. వదిలితే బయటికి పోతాడేమోనని నేనూ వదల్లేదు.

పొద్దున ఎదురింటి అమ్మాయి, అప్పుడు హౌస్‌సర్జన్ చేస్తోంది, వచ్చి చూసింది. కళ్లు మూసుకుని రెండు చేతులూ అరచేతులు పైకి పెట్టి చాపమంది. కుడి చెయ్యి మెల్లగా తిరిగి కిందికి జారింది. "ఈమధ్య తలకేమన్నా తగిలిందా తాతయ్యా?" అంది. అమ్మకు గుర్తొచ్చింది. దసరా ముందు బాత్రూం రేకు తలుపు కొట్టుకుని బొప్పి కట్టింది, పసుపు పెట్టాం, తగ్గింది. గుండె కోసం రక్తం పలచబడే మాత్ర ఎలాగూ వాడుతున్నాడు.

సీటీ స్కాన్, హైదరాబాద్, సంతకాలు, డబ్బులు, ఇవన్నీ ఎవరింట్లో అయినా ఒకటే. పుర్రెకూ మెదడుకూ మధ్య పాత రక్తం చేరింది. వయసుతో మెదడు కాస్త కుంచించుకుపోతే అక్కడి సన్నని రక్తనాళాలు సాగి ఉంటాయట, చిన్న దెబ్బకే చిట్లుతాయట. బొట్టుబొట్టుగా చేరి, వారాల తర్వాత గానీ బయటపడదు. ఎముకకు చిన్న రంధ్రాలు పెట్టి తీసేశారు. ఆ సర్జన్ రోజూ మంచం పక్కన నిలబడి బాపుతోనే మాట్లాడాడు, మాతో కాదు. అందుకు ఆయనకు రుణపడి ఉన్నాం. కళ్లు తెరిచి తెలివిగా మాట్లాడిన రోజు బాపు అడిగిన మొదటి ప్రశ్న: "మీ అమ్మ తిన్నదా?"

మీ ఇంట్లో పెద్దవాళ్లకు తల తగిలి, నెలో రెండు నెలలో అయ్యాక నడక, మాట, నిద్ర మారితే, ఎవరేమన్నా సరే స్కాన్ అడగండి. రక్తం పలచబడే మాత్ర వాడుతుంటే మరీ.

అమ్మ సమ్మక్కకు నిలువెత్తు బంగారం, అంటే బాపు బరువంత బెల్లం, మొక్కింది. 2020 ఫిబ్రవరి జాతరకు ముందు బాపును తూకం వేశాం. జీవితమంతా యూనియన్, గుడి ముఖం చూడని మనిషి, ఒకవైపు బెల్లం, ఒకవైపు తాను. "నా రేటు ఇంతేనా" అని నవ్వాడు. తమ్ముడు బెల్లం మేడారం తీసుకుపోయాడు. నాకు నమ్మకం ఉందా అంటే, ఎదురింటి అమ్మాయిని ఆ పొద్దున మా గుమ్మంలోకి ఎవరు పంపారో నేనడగలేదు.

ఆ వేసవిలోనే, లాక్‌డౌన్ సడలించాక, బీపీ చూపించుకోవడానికి బాపు ఆ మొదటి డాక్టరు దగ్గరికే పోదామన్నాడు, నడిచిపోయేంత దూరమని. ఆయన గుర్తుపట్టలేదు. "ఈ వయసులో భలే ఉన్నారే తాతా!" అన్నాడు. నోటిదాకా వచ్చింది నాకు. బాపు నా చెయ్యి నొక్కి, జేబులోంచి ఫీజు తీసి బల్ల మీద పెట్టాడు. బయటికొచ్చాక, "వాని పిల్లలు ఈ కాలనీలనే తిరుగుతరు, తండ్రిని తిడితే వాళ్లకు బాధగాదా" అన్నాడు. ఆయన వదిలేశాడు. నేనింకా వదల్లేదు.