తంగేడు కమ్మలు మాడిపోయాక

ముందు పక్కింట్లో ఏదో మాడుతోందనుకున్నాను. రెండు నిమిషాల్లో కళ్లు మండాయి, గొంతులో గరగర మొదలైంది. చూస్తే మా ఓటీజీ, అంటే చిన్న కరెంటు ఓవెన్, అద్దం వెనక, నేను రెండు రోజులు కూర్చొని పాలిమర్ క్లేతో చేసిన తంగేడు పూల చెవికమ్మలు నల్లబడుతున్నాయి.

"ఏందమ్మా గీ వాసన? పిలగాడు దగ్గుతుండు" అని అత్తమ్మ కేకేసింది. ప్లగ్ పీకేసి, కిటికీలన్నీ తీసి, బాబును ఎత్తుకొని అందరం వాకిట్లోకి వచ్చేశాం. ఓటీజీ తలుపు మాత్రం తెరవలేదు. లోపలి పొగంతా మొహానికి కొడుతుందని భయమేసింది, ఆ భయమే మేలు చేసింది. గంటన్నర తర్వాత, పూర్తిగా చల్లారాకే తీశాను.

పేరులో క్లే ఉంది కదా అని చాలామంది దీన్ని మట్టి అనుకుంటారు. ఇది పీవీసీ, అంటే నీళ్ల పైపులకు వాడే ప్లాస్టిక్ జాతే. దాని పొడికి మెత్తబరిచే పదార్థం కలిపి ముద్దలా చేస్తారు. సరైన వేడికి ఆ పొడి కరిగి ఒకటై, చల్లారాక గట్టిపడుతుంది. వేడి మరీ ఎక్కువై మాడితే మాత్రం హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటైన వాయువు వస్తుంది. మా కళ్లు మండింది దానికే.

నేను చేసిన తప్పేంటో మొదట అర్థం కాలేదు. ప్యాకెట్ మీద 130 డిగ్రీలు, ఆరు మిల్లీమీటర్ల మందానికి 30 నిమిషాలు అని ఉంది. నేనూ 130 దగ్గరే తిప్పాను. అనుమానం వచ్చి, ఓవెన్ లోపల పెట్టే చిన్న థర్మామీటర్ ఒకటి తెప్పించాను. ఖాళీ ఓటీజీలో మధ్య అరలో పెట్టి, మళ్లీ 130కి తిప్పి, ముందు స్టూలు వేసుకొని కూర్చున్నాను. రాడ్లు ఎర్రబడ్డాయి. ముల్లు 130 దాటింది, 150 దాటింది, 170 దాకా పోయి అప్పుడు వెనక్కి తిరిగింది. తర్వాత 155 దగ్గర ఆగింది. ఆ రోజు నేను ముందుగా వేడి చేయకుండానే, అదీ పై అరలో, రాడ్ల కిందే పెట్టాను. పలచటి రేకులు మాడక ఏం చేస్తాయి! మూడు రోజులు తిప్పి తిప్పి చూస్తే, మా ఓటీజీలో నిజమైన 130 రావాలంటే డయల్ 105 దగ్గర ఉండాలని తేలింది. అక్కడ ఎర్ర గోళ్ల రంగుతో చుక్క పెట్టాను. మీ ఓవెన్‌లో ఆ చుక్క ఇంకోచోట ఉంటుంది, కొలిచి చూసుకోవాల్సిందే.

ఇంతలో అత్తమ్మ ఇంకో మాట అన్నది. "గండ్లనే పిల్లగానికి కేకు చేస్తవా?" నా దగ్గర జవాబు లేదు. వంటసోడా కలిపిన తడిగుడ్డతో లోపలంతా తుడిచాను కానీ, మనసొప్పలేదు. ఆ ఓటీజీని క్లేకే వదిలేసి వెనక వరండాలో, గాలి ఆడే చోట పెట్టాను. బాబు కేకు ఇప్పుడు కుక్కర్‌లో అవుతోంది. క్లే ఒత్తే చపాతీ కర్ర, కత్తి కూడా వంటింట్లోకి రావు. మైక్రోవేవ్‌లో మాత్రం క్లే ఎప్పుడూ పెట్టకండి.

ఇప్పుడు నా పద్ధతి ఇది. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన టైల్ ముక్క మీద మామూలు తెల్ల కాగితం, దాని మీద కమ్మలు. గడియారం సెంటర్‌లో కొన్న అల్యూమినియం ట్రేను బోర్లా మూతపెడతాను, రాడ్ల సెగ నేరుగా తగలదు. ఇరవై నిమిషాలు ముందుగా వేడి చేసి, థర్మామీటర్ ముల్లు నిలకడగా ఆగాకే లోపల పెడతాను. ఉడికినంతసేపూ అక్కడే ఉంటాను.

తీయగానే రేకు రబ్బరులా వంగుతుంది. ఉడకలేదని కంగారుపడి మళ్లీ పెట్టకూడదు, చల్లారితేనే గట్టిపడేది. చల్లారాక కూడా పలచటి రేకు కొంచెం వంగి మళ్లీ నిలబడాలి. పుటుక్కున విరిగితే అది సరిగ్గా ఉడకనట్టు.

ఎండాకాలం సంగతి ఒకటి. మే నెలలో తెప్పించిన క్లే, పార్సిల్‌లోనే మా నల్లగొండ ఎండకు సగం గట్టిపడి పొడిపొడిగా వచ్చింది. ఎంత పిసికినా అతుక్కోలేదు. అప్పటి నుంచి చలికాలంలోనే తెప్పించి, ఎండ తగలని కింది అరలో దాస్తున్నాను.

సద్దుల బతుకమ్మకు అక్క బిడ్డ కోసం కొత్త జత చేశాను. తంగేడు పసుపు అలాగే నిలిచింది, గునుగు కంకి కోసం టూత్‌బ్రష్‌తో ఒత్తిన గీతలు కూడా చెదరలేదు. వాడకట్టులో ఆడుతుంటే ఆమె ఓణీ అంచు కమ్మకు చిక్కుకొని ఒక రేకు వంగింది. నా గుండె ఆగినంత పనైంది. ఓణీ తప్పించగానే రేకు తిరిగి తన చోటికి వచ్చేసింది.