మా ప్లాటు బీడు కాదు

ఇది ఇంగ్లండ్‌లో, 2024 జనవరి చివరి సంగతి. నైట్ షిఫ్ట్ దిగి బస్సెక్కాక ఫోన్ తీస్తే మేం కూరగాయలు పండించుకునే కౌలు ప్లాటు తాలూకు అలాట్‌మెంట్ కమిటీ నుంచి మెయిల్ ఉంది. మీ ప్లాటు సాగులో ఉన్నట్టు కనిపించడం లేదు, గడ్డి బాగా పెరిగింది, శీతాకాలం తవ్వకం జరగలేదు, ఇలాగే ఉంటే వెనక్కి తీసుకోవాల్సి రావచ్చు అని. మర్యాదగానే రాశారు. మీ ఉద్యోగం వల్ల తీరిక దొరక్కపోతే సగం వదులుకునే వీలు కూడా ఉందని చివర్లో ఒక వాక్యం చేర్చారు. మిగతాదంతా ఎలాగో మింగాను గానీ ఆ వాక్యం మాత్రం గొంతులో అడ్డం పడింది.

పల్నాడులో మిరప, పత్తి వేసుకునే ఇంట్లో పుట్టాను. ఆసుపత్రిలో పన్నెండున్నర గంటల డ్యూటీ చేసి, ఇంటికెళ్లి పడుకోకుండా రెండు బస్సులు మారి ఆ ప్లాటుకి వెళ్లిన రోజులు ఎన్నో ఉన్నాయి. అలాంటి నన్ను నేల పట్టించుకోని మనిషి కింద జమకట్టారే అని ఆ పొద్దు నిద్ర పట్టలేదు.

అలాట్‌మెంట్ గురించి తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. ఇక్కడ ఊరివాళ్లు కూరగాయలు పండించుకోవడానికి కౌన్సిల్, అంటే మన మునిసిపాలిటీ లాంటిది, ముక్కలు ముక్కలుగా కౌలుకిచ్చే భూమి ఇది. అడిగేవాళ్లుంటే భూమి చూపించాల్సిన బాధ్యత కౌన్సిళ్లదేనని 1908 చట్టం చెబుతుంది. పాత లెక్క ప్రకారం పూర్తి ప్లాటు అంటే సుమారు 300 గజాలు, మన కొలతలో ఆరు సెంట్ల పైచిలుకు. మాది అందులో సగం. మూడు సెంట్లే కదా అనుకోకండి, దానికోసం ఏళ్లతరబడి వెయిటింగ్ లిస్టులో ఉంటారు. అందుకే సాగు చేయనివాళ్ల దగ్గర్నుంచి తీసుకుని లిస్టులో ఉన్నవాళ్లకి ఇస్తారు. ఆ నియమం మీద నాకే కోపమూ లేదు. కలుపు మొక్కలు మొలిచి, విత్తనం రాలి, పక్కవాళ్ల మడుల్లోకి పాకే ప్లాట్లు నేనూ చూశాను. నా బాధల్లా మాది అలాంటిది కాదనే.

వాళ్లు చూసిన గడ్డి నేను చల్లిందే. సెప్టెంబరు చివర్లో బీన్స్ తీగలు పీకేశాక, నేల ఖాళీగా ఉండకూడదని గ్రేజింగ్ రై విత్తనం చల్లాను. మన దగ్గర జనుము, జీలుగ, పిల్లిపెసర వేసి కలియదున్నుతారే, ఇదీ అలాంటి పచ్చిరొట్టే. కాకపోతే రై చలికి తట్టుకుంటుంది, చూడ్డానికి లేత గోధుమ పైరులా ఉంటుంది. శీతాకాలమంతా పడే వానకి నేలలోని నత్రజని కిందకి దిగిపోతుంది. వేళ్లున్న పైరు ఏదో ఒకటి ఉంటే ఆ బలాన్ని పట్టి ఉంచుతుంది, చినుకుల దెబ్బకి పైమట్టి చదునుగా అట్ట కట్టకుండా ఆపుతుంది. మధ్యలో కాస్త చిక్‌వీడ్ అనే కలుపు మొలిచిన మాట నిజం. రోడ్డు మీద నుంచి చూసినవాళ్లకి అంతా ఒకే పచ్చగడ్డిలా కనిపించి ఉంటుంది. దగ్గరికొచ్చి వంగి చూస్తే వరసలు తెలిసేవి.

ఇక తవ్వకం. బంకమట్టి నేలల్ని చలికాలం మొదట్లోనే పారతో తిరగేసి, పెద్ద పెద్ద బెడ్డలుగా వదిలేయడం ఇక్కడి పాత పద్ధతి. మంచు పడి ఆ బెడ్డల్లోని తడి గడ్డకడుతుంది, మళ్లీ కరుగుతుంది. అలా నాలుగైదుసార్లు జరిగేసరికి బెడ్డ దానంతటదే పొడిపొడిగా విడిపోతుంది. మంచి పద్ధతే, నేనేమీ తక్కువ చేసి మాట్లాడటం లేదు. కానీ దానికి మంచు ఉండాలి, తవ్వేనాటికి నేల పదును మీద ఉండాలి. ఆ ఏడు రెండూ సరిగా లేవు. అక్టోబరులో బాబెట్, డిసెంబరు చివర గెరిట్, జనవరి మొదట్లో హెంక్, ఆ వెనకాలే ఇషా. ఇక్కడా తుఫాన్లకి పేర్లు పెడతారు. గెరిట్ వచ్చిన రోజు మాకు దగ్గర్లోని టేమ్‌సైడ్‌లో సుడిగాలి ఇళ్ల కప్పులు లేపేసింది. 2022 అక్టోబరు నుంచి 2024 మార్చి దాకా ఇంగ్లండ్‌లో కురిసినంత వాన, 1836 నుంచి ఉన్న లెక్కల్లో అంతకుముందు ఏ 18 నెలల్లోనూ కురవలేదు. తర్వాత వచ్చిన ఫిబ్రవరి అయితే ఇంగ్లండ్, వేల్స్ రికార్డుల్లోకెల్లా వెచ్చటి ఫిబ్రవరి. ఇక బెడ్డల్ని పగలగొట్టే మంచు ఎక్కడిది?

మెయిల్ వచ్చిన మర్నాడు వెళ్లి చూశాను. రై లేని మూల ఒక పార లోతు గుంత తీశాను. పార దిగిన చోట మట్టి తెగినట్టు లేదు, నున్నగా పాలిష్ పట్టినట్టు మెరుస్తోంది. గుప్పెడు తీసి పిండితే వేళ్ల సందుల్లోంచి జంతికల పిండిలా బయటకొచ్చింది. ఉల్లికాడల్లాంటి లీక్స్ నాలుగు పీక్కుని, వాటి వేళ్లకి పట్టిన బంక దులుపుకుని వెనక్కి తిరిగేసరికి గుంతలోకి నీళ్లు ఊరి అడుగు కనపడటం లేదు. ఈ నేలని తవ్వమంటున్నారు వీళ్లు. ఆ మెరిసే పొర ఎండాక ఇటుకలా గట్టిపడుతుంది, వేరు దాన్ని దాటదు. మన బూటు కింద నలిగిన చోట మట్టిలోని గాలి మొత్తం పోతుంది, మళ్లీ గుల్లబారడానికి కాలం పడుతుంది.

నల్లరేగడి చూసినవాళ్లకి ఇదంతా ఎవరూ నేర్పక్కర్లేదు. మా నాన్న ముసురు పట్టిన రోజుల్లో మమ్మల్ని చేలో కాలు పెట్టనిచ్చేవాడు కాదు. నీళ్లు నిలిస్తే బోదెలు తెంపి బయటికి వదలడం వరకే, అదీ గట్టు మీద నిలబడి. నేల పదునుకొచ్చే దాకా గుంటక కదిలేది కాదు. వర్షం వెలిసిన మర్నాడే తొందరపడి అరక కట్టినవాణ్ని ఊరంతా చెప్పుకునేది. అక్కడ ఆగడం తెలిసినవాడే రైతు. ఇక్కడ ఆగితే తీరిక లేని మనిషి!

నిజానికి వాన లెక్క తీస్తే మాంచెస్టర్‌లో ఏడాదికి 800 మిల్లీమీటర్ల పైన పడుతుంది. మా పల్నాడు వైపూ కాస్త అటూ ఇటూగా అంతే. కానీ మనకి నాలుగు నెలల్లో దబదబా కొట్టి వెళ్లిపోతుంది. ఇక్కడ ఏడాదిలో 150 రోజుల దాకా పంచుకుని మరీ పడుతుంది. డిసెంబరులో పగలు ఏడున్నర గంటలే, ఆ ఎండలో పస ఉండదు. పడిన చుక్క ఆరదు, ఆరకముందే ఇంకో చుక్క. అసలు తేడా అక్కడుంది.

ఆ డిసెంబరు 5నే మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా మిరప చేలో నీళ్లు నిలిచాయి. ఆ వారమంతా బ్రేక్ దొరికినప్పుడల్లా వార్డు బయటికొచ్చి నాన్నకి ఫోన్ చేసేదాన్ని. "ఏమ్మా, మీకూ ముసురేనా?" అని ఆయన అడుగుతాడు. ఇక్కడ నా మూడు సెంట్ల గురించి చెప్పడానికి నోరు రాదు. అక్కడ పోయేది ఏడాది కూలీ, ఎరువుల అప్పు. ఇక్కడ పోయేది నాలుగు వెల్లుల్లి వరసలు. అయినా ఆయనే పట్టుబట్టి అడిగేవాడు, నీళ్లు ఏ మూలకి పోతున్నాయి, పల్లం ఎటుంది అని. ఎండ కాసిందంటే వారం తిరక్కుండా ఆయన చేను కోలుకునే దారిలో పడింది, వేరుకుళ్లు పట్టిన మొక్కలు పోగా మిగిలినవి నిలబడ్డాయి. మాకు ఆ ఎండ ఏప్రిల్ దాకా రాదు. మన ఎండని తిట్టుకున్న రోజులన్నీ గుర్తొచ్చాయి. నేలకి అంతకంటే పెద్ద వైద్యుడు లేడు.

మళ్లీ మళ్లీ ఒకటే ప్రశ్న తొలిచేసింది. ఇదే మెయిల్ ఇక్కడే పుట్టి పెరిగిన వాళ్లకైతే పంపేవాళ్లా? పంపేవాళ్లేమో, మిగతా ప్లాట్లకీ ఇలాంటివి వెళ్లాయని తర్వాత విన్నాను. అయినా మనసు ఊరుకోదు. పరాయి దేశంలో పని గురించి ఒక మాట పడితే అది ఒక్కరి మీద పడ్డట్టు ఉండదు, మనవాళ్లందరి మీదా పడ్డట్టుంటుంది. అందుకే వార్డులో ఎవరూ అడక్కముందే పని అందుకుంటాం, కుర్చీలో కూర్చుంటే ఎవరైనా చూస్తారేమోనని బెరుకు. కానీ రాత్రి మూడింటికి జ్వరం దిగుతున్న పేషెంటు పక్కన ఏమీ చేయకుండా కూర్చుని ఊపిరి గమనించడం కూడా డ్యూటీయే. ఆ సంగతి మా వార్డు పెద్ద నర్సుకి తెలుసు. కమిటీకి తెలియదంటే నేను నమ్మను, చూడలేదంతే.

పక్క ప్లాటు పెద్దాయన మాత్రం చూశాడు. ఉద్యోగం నుంచి రిటైరై చాలా ఏళ్లయింది. నాతో పొడిపొడిగా రెండు మాటలు తప్ప ఎప్పుడూ మాట్లాడింది లేదు. నేను గుంత పక్కన నిలబడి ఉంటే దగ్గరికొచ్చి, "ఆల్ రైట్, లవ్?" అన్నాడు. మెయిల్ సంగతి చెప్పాను. ఆయన వంగి రై పిలకలు రెండు వేళ్లతో విడదీసి చూసి, నవంబరు నుంచి తను కూడా తన మట్టిలో కాలు పెట్టలేదన్నాడు. తర్వాత షెడ్డులోంచి పాత స్కాఫోల్డింగ్ పలకలు రెండు మోసుకొచ్చి నా లీక్స్ వరస పక్కన వేశాడు. పలక మీద నిలబడితే మన బరువు ఒక్కచోట దిగదు. ఇప్పటికీ అవి నా దగ్గరే ఉన్నాయి, అడిగితే వద్దు ఉంచుకో అంటాడు.

అప్పుడు నా మనసులో ఉన్న అసలు విషయం అడిగాను. బోదె తీద్దామంటే పల్లం ఆయన వైపుంది. మన ఊళ్లో గట్టు తెంపి పక్కవాడి చేలోకి నీళ్లు వదిలితే కొట్లాటే. అందుకే రెండు చలికాలాలుగా ఆ మాట ఎత్తలేదు. ఆయన ఏమీ అనలేదు, నన్ను కంచె దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కడ హాథార్న్ పొదల కింద ఒక పాత కాలువ, ఆకులు కుళ్లి పూడిపోయి ఉంది. మొదట్లో సైట్ మొత్తం నీళ్లు దాంట్లోకే పోయేవట. ఆ ఆదివారం, తర్వాతి ఆదివారం ఆయనా, నేనూ, మా ఆయనా కలిసి పూడిక తీశాం. నల్లటి ఆకుమట్టి తట్టలకొద్దీ వచ్చింది. దాన్ని ఒక మూల పోగేసి పెట్టుకున్నాం, ఇంకో ఏడాది మగ్గితే బంకమట్టికి అంతకంటే మంచి మందు లేదు. మా ప్లాటు అంచు నుంచి కాలువ దాకా పలకల మీద నిలబడే బోదె తీశాను. మొదట బురద నీళ్లు, కాసేపటికి తేటగా పారాయి. ఆ రాత్రి నాన్నకి వీడియో పంపితే, బోదె అడుగున వాలు ఇంకాస్త ఇవ్వమన్నాడు.

కమిటీకి జవాబు రాశాను. రై ఎప్పుడు చల్లిందీ, ఎప్పుడు కోసేదీ, ఎక్కడ ఏ విత్తనం వేసేదీ, ఫోటోలతో సహా. మీ చివరి వాక్యం నన్ను నొప్పించిందని కూడా రాశాను. అది తీసేయమని మా ఆయన అన్నాడు, తీయలేదు. పెద్దాయన తన తరఫున వేరే రాశాడని తర్వాత తెలిసింది. ఏప్రిల్‌లో మళ్లీ చూస్తామని రెండు లైన్ల జవాబు వచ్చింది, అంతటితో అయిపోయింది. సారీ అని లేదు. ఉండాల్సిందనే ఇప్పటికీ నా అభిప్రాయం.

ఈ మధ్య మా సైట్‌లో ఇంకో తెలుగు కుటుంబానికి ప్లాటు వచ్చింది. ఖమ్మం వైపు వాళ్లు. అక్కా, నవంబరులో ఏం వేయాలి అని ఆ అమ్మాయి అడుగుతుంటే నాకు తెలిసింది చెబుతున్నాను. బోదె కట్టి ఎత్తు మీద వెల్లుల్లి, చలికి తట్టుకునే అక్వడుల్చే రకం బ్రాడ్ బీన్స్, అంతే. లీక్స్, కేల్ ఆకుకూర నారు వేసవిలోనే పెట్టి ఉండాలి, ఇప్పుడు వేస్తే రావు. ఖాళీ జాగాలో పచ్చిరొట్టగా రై గానీ ఫీల్డ్ బీన్స్ గానీ ఉండాలి, ఆలస్యమైపోతే అట్టపెట్టెలు పరిచి పైన ఆకుమట్టి వేసుకోవాలి. నడిచే దారుల్లో చెక్కపొట్టు, మడి మీదకి వెళ్లాల్సొస్తే పలక. రై మోకాలెత్తు రాకముందే కోసి నేలలో కలిపేయాలి, తర్వాత మూడు నాలుగు వారాలు ఆగాలి. ఆగకుండా క్యారెట్, కొత్తిమీర లాంటి సన్న విత్తనం వేస్తే కుళ్లుతున్న రై వాటిని మొలవనివ్వదు. ఆలుగడ్డకైతే ఆ ఇబ్బంది ఉండదు. కొనే ఎరువేదైనా మార్చి దాటాకే కొనమన్నాను, ముందే చల్లితే డబ్బులన్నీ కాలువ పాలవుతాయి.