కుక్కరు కూత పడిన క్యాసెట్

పదకొండు దాటింది. ఆయన అన్న ఒక్క ముక్క చెవిలో జోరీగలా తిరుగుతోంది, రాసేస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

సంగతి మళ్ళీ పాటల పోటీయే. (ఇక చూడనని ఉగాదినాడు పెట్టుకున్న ఒట్టు నాకూ గుర్తుంది, ఎవరూ ఎత్తిపొడవక్కర్లేదు.) ఈ రోజు పాడిన అమ్మాయికి పదిహేనేళ్ళు ఉంటాయేమో. చరణం చివర ఒక చిన్న గమకం వేసి, మెట్లు దిగినట్టు పల్లవిలోకి దిగింది. చపాతీలు వత్తుతున్నదాన్ని, కర్ర చేత్తో పట్టుకునే హాల్లోకి వచ్చి నిలబడిపోయాను.

అంతకుమించి ఆనందించనిస్తేగా ఆ యాంకరు మహానుభావుడు! ఆఖరి స్వరం ఇంకా గాలిలో ఉండగానే మైకుతో ఊడిపడ్డాడు. "అమ్మ గుర్తొచ్చిందా?" అన్నాడు. పాపం ఆ పిల్లకి రాలేదు, నవ్వుతోంది. "నాన్నగారు ఆటో నడుపుతారు కదా, ఎన్ని గంటలకి ఇంటికొస్తారు?" అని తవ్వాడు. అది ఏడ్చేదాకా వదల్లేదు. వెనక వయొలిన్ అందుకుంది. మార్కులు చెప్పబోతుంటే ప్రకటనలు. అవి అయ్యాక అవే కన్నీళ్ళు మళ్ళీ మొదటి నుంచి. ఆ పాట రాసిందెవరో, బాణీ కట్టిందెవరో ఒక్క మాట లేదు. తర్వాతి కుర్రాడు వేదిక మీదికి రాగానే వాళ్ళ ఊరి కథ మొదలు.

"ముందు పాడనివ్వవయ్యా బాబూ!" అని అరిచాను.

ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండానే, "అచ్చం మామయ్యగారే" అన్నారు.

అదీ ఆ ముక్క. ఆ క్యాసెట్ సంగతి ఆయనకి పెళ్ళైన కొత్తలో నేనే చెప్పాను.

1996లో ఈటీవీలో పాడుతా తీయగా మొదలైనప్పటి మాట. అన్నయ్య టేప్ రికార్డరును స్టూలు మీద పెట్టి, టీవీ స్పీకరుకు ఆనించి, రెండు మీటలు కలిపి నొక్కేవాడు. ఇక ఇంట్లో ఎవరూ దగ్గకూడదు. బాలుగారు ఒక పట్టాన పాడించేవారు కాదు. పాట ఏ సినిమాలోది, సంగీతం ఎవరు, రచన ఎవరు, రికార్డింగునాడు ఏం జరిగింది, అన్నీ అయ్యాకే పాట. పాడాక శకార షకారాల దగ్గర మళ్ళీ పాఠం. తనూ కుర్రతనంలో పోటీలో పాడి సంగీత దర్శకుడు కోదండపాణిగారి చెవిన పడి, 1966లో సినిమాల్లోకి వచ్చిన మనిషి కదా, ఎంత తప్పు దిద్దినా పిల్లల మొహం చిన్నబోనిచ్చేవారు కాదు.

నాన్నకేమో అసహనం. ఘంటసాల భక్తుడు. ఒక రోజు మంచి పాట రాబోతోంది, బాలుగారు ఇంకా చెబుతూనే ఉన్నారు. "పాడనివ్వడేమిటయ్యా ఈయన!" అని నాన్న విసుక్కోవడం, వెనకే వంటింట్లో కుక్కరు కూత, రెండూ టేపులో పడ్డాయి. అన్నయ్య రెండు రోజులు అన్నం దగ్గర మాట్లాడలేదు.

రెండూ ఒకటేనా? బాలుగారి మాటల తర్వాత పాట వింటే ఇంకో చెవి మొలిచినట్టుండేది. ఇక్కడ ఆ పిల్ల గొంతు పక్కన పెట్టి వాళ్ళ నాన్న ఆటో అమ్ముకుంటున్నారు. ఒకటి కానే కాదు.

అని ఇందాక ఘాటుగా రాసుకుంటూ వచ్చాను. కానీ ఇంతకీ ఆ అమ్మాయి ఏ పాట పాడింది? పావుగంట నుంచి ఆలోచిస్తున్నా గుర్తు రావడం లేదు! యాంకరు కోటు మాత్రం గుర్తుంది, ముదురు నేరేడు రంగు. అతను చెప్పలేదు సరే, నా చెవులేమయ్యాయి? నాన్న సంగతీ అంతేనేమో, ఆ రోజు పాట ఏమిటని అడిగితే తెల్లమొహం వేసేవాడేమో. పైగా బాలుగారు కూడా పిల్లల్ని ఇంటి సంగతులు అడిగేవారు, మేమూ కళ్ళు తుడుచుకున్నాం. నాకు శకార షకారాలే ఎందుకు మిగిలాయో మరి.

అయినా ఆ కోటు మనిషిని క్షమించలేదు. రేపు మళ్ళీ చూస్తాను, అది వేరే విషయం.

బాలుగారు 2020 సెప్టెంబరులో వెళ్ళిపోయారు. నాన్న అంతకు ముందే. అన్నయ్యకి ఇందాకే మెసేజ్ పెట్టాను, ఆ క్యాసెట్ అటక మీద ఉందా, పారేశావా అని. చివర్లో బాలుగారు 'సర్వే జనాః సుజనో భవంతు' అంటుండగా టేపు అయిపోతుంది. కూతలు మొత్తం మూడు. మూడో కూతకి అమ్మ లేవబోతే, "కూర్చోవే, పాట అయ్యాక చూడొచ్చు" అన్నది కూడా నాన్నే.