గుండ్రని పౌండ్లలో ఎడిన్‌బరా కోసం

2017 మార్చి 28న బ్రిటన్‌లో పన్నెండు పలకల కొత్త పౌండ్ నాణెం వచ్చింది. పాత గుండ్రని పౌండు అక్టోబర్ 15 దాకానే చెల్లుతుందన్నారు. 2010, 2011లో ఇంగ్లండ్, ఉత్తర ఐర్లండ్, వేల్స్, స్కాట్లండ్‌ల రాజధానుల చిహ్నాలతో వచ్చిన పౌండ్లలో అప్పటికి లండన్, బెల్‌ఫాస్ట్, కార్డిఫ్ నా దగ్గరున్నాయి. ఎడిన్‌బరా ఒక్కటే లేదు. ఆన్‌లైన్‌లో డబ్బు పెడితే దొరుకుతుంది. కానీ ఆ మూడూ చిల్లరలో దొరికినవే కాబట్టి నాలుగోది కూడా అలాగే దొరకాలని నా మొండిపట్టు.

అది అంత తేలిగ్గా కనబడకపోవడంలో వింతేం లేదు. చలామణి కోసం బెల్‌ఫాస్ట్ పౌండ్లు 62,05,000, లండన్‌వి 26,35,000, కార్డిఫ్‌వి 16,15,000 కొట్టారు. ఎడిన్‌బరావి 9,35,000 మాత్రమే. జేబుల్లో తిరిగిన గుండ్రని పౌండ్లన్నిటిలోకీ ఇదే తక్కువ.

బ్యాంకులో నోటు ఇస్తే ఇరవై పౌండ్ నాణేల సంచి ఇస్తారు. ఇంటికి తెచ్చి బల్ల మీద తువ్వాలు పరిచి, రాణి బొమ్మ కిందికి ఉండేలా పోసేవాణ్ణి. ఎక్కువగా తగిలేది 2008 నుంచి వచ్చిన రాజచిహ్నపు డాలు బొమ్మ, మాథ్యూ డెంట్ గీసింది. ఆ తర్వాత వంతెనలు, పూలు, వేల్స్ డ్రాగన్, ఇంగ్లండ్ మూడు సింహాలు. ఇన్ని చూశాక సింహాల తేడా కంటికి అలవాటైపోయింది. ఇంగ్లండ్ సింహం నడుస్తూ మొహం మనవైపు తిప్పుతుంది. స్కాట్లండ్‌ది వెనక కాళ్ళ మీద లేచి పంజా విసురుతుంది. మన వేంగి చాళుక్యుల వరాహంలాగా, పేరు చదవక్కర్లేకుండానే ఎవరిదో తెలిసిపోతుంది.

రాజధానుల పౌండ్లతో మాత్రం తంటా. వీటిని గీసిన స్టువర్ట్ డెవ్లిన్, 1966లో ఆస్ట్రేలియా కొత్త నాణేలకు బొమ్మలు వేసిన ఆయనే, ప్రతి నాణెం మీదా నాలుగు నగరాల చిహ్నాలూ పెట్టారు. ఏ ఊరి నాణెమైతే ఆ ఊరిది పెద్దగా, మిగతా మూడూ చిన్నగా ఉంటాయి. గుట్ట మీద కోట కనబడగానే ఎడిన్‌బరా అనుకుని ఎగిరి గంతేస్తాం, చూస్తే అది కార్డిఫ్ నాణెం మీద మూలనున్న చిన్న కోట. లండన్‌కి శిలువ, పై మూలలో కత్తి. రైతుల తిరుగుబాటు నాయకుడు వాట్ టైలర్‌ని చంపిన కత్తి అదేనని ఒక కథ చెబుతారు కానీ, ఆ తిరుగుబాటు 1381 జూన్‌లో జరిగింది, చిహ్నం అదే ఏడు ఏప్రిల్‌లోనే వచ్చింది. అది లండన్‌ని కాచే సాధువుగా భావించే సెయింట్ పాల్ కత్తి. బెల్‌ఫాస్ట్‌కి గంట, ఓడ. కార్డిఫ్‌కి జెండా పట్టుకున్న డ్రాగన్.

అందుకే బొమ్మ కన్నా అంచు చూడటం మేలు. అంచున ఆ నగర నినాదం చెక్కి ఉంటుంది. ఎడిన్‌బరాది ‘నిసి డామినస్ ఫ్రుస్ట్రా’, దేవుడి తోడు లేకపోతే అంతా వృథా అని. దొంగ నాణేలు కూడా అంచు దగ్గరే దొరికిపోతాయి. అప్పట్లో ఇంచుమించు ముప్పై పౌండ్లలో ఒకటి దొంగదని నాణేలు కొట్టే రాయల్ మింట్ వాళ్ళ అంచనా. నాకు ఒక సంచిలో తగిలిన వేల్స్ డ్రాగన్ పౌండు అంచున స్కాట్లండ్ నినాదం ఉంది, అక్షరాలు కూడా లోతు లేకుండా వంకరగా. దొంగదని తేలాక బ్యాంకుకి ఇస్తే తీసుకుంటారు గానీ డబ్బులు రావు.

వేసవి ముగిసేసరికి నేను వెళ్ళే బ్రాంచిలో గుండ్రనివి బయటికి ఇవ్వడం మానేశారు. వచ్చినవి వచ్చినట్టు వెనక్కి పంపేస్తున్నారట. అక్కడినుంచి టెన్షన్ మొదలైంది. లండన్‌లోని ఈస్ట్ హామ్‌లో కిరాణా షాపు నడిపే నెల్లూరు అన్నని అడిగాను. “కౌంటర్‌లో పడినవన్నీ పక్కన పెడతాలే, వచ్చి ఏరుకో తమ్ముడూ” అన్నాడు. ఏరడం అన్నీ వదినే చేసింది. మొదట్లో ఆవిడ దాచినవి లండన్‌లూ, కార్డిఫ్‌లూ. “కోట పెద్దగా ఉండాలి వదినా” అని ఫోన్‌లో ఫొటో చూపించాను.

సెప్టెంబర్‌లో ఒక సాయంత్రం ఆవిడ నుంచి మెసేజ్, ఫొటోతో. ఈసారి కోట నాణెం నడుమంతా ఆక్రమించింది. షాపుకి వెళ్ళి, దొంగదేమోనని ముందు పైకిందులు సరిచూశాను. రాణిని నిటారుగా పట్టుకుని పక్కకి తిప్పితే వెనక బొమ్మ కూడా నిటారుగానే ఉండాలి, ఉంది. తర్వాత అంచు. నినాదం లోతుగా, సమంగా ఉంది. కోట గోడల మీద కాస్త అరుగుదల, రాణి చెంప మీద ఒక గీత. బదులుగా కొత్త పౌండు ఇస్తే వదిన “ఇంత తిప్పలకి ఒక్క పౌండేనా?” అంది. జీడిపప్పు, నెయ్యి కొని బయటపడ్డాను.

మిగతా గుండ్రనివన్నీ ఖాతాలో వేసేశాను. ఇప్పుడిక చిల్లరలో ఇవి రావు, కొనుక్కోవడమే దారి. కొనేవాళ్ళు అమ్మేవాళ్ళని అంచు ఫొటో అడగండి, అక్షరాలు చదవగలిగేలా. మెరుస్తున్నదని మోజు పడొద్దు. తోమి మెరిపించిన నాణెం కన్నా అరిగినదే నయం.